ఆర్విల్ హాగ్ గారి కిటికీ

తమరాక్ కౌంటీ కార్యాలయం,
నేలమాళిగ,
నవంబరు 12, 1979

గౌరవనీయులైన ఆర్డిస్ టాలెఫ్సన్ గారికి,

కొత్త భవన పర్యవేక్షకుడు డెల్ఫినో ఒచోవా నమస్కరించి రాసుకునేది. నేను ఆరిజోనాలోని యూమా నుంచి మీ మిన్నెసోటా వచ్చి నెల కూడా కాలేదు. పై అంతస్తులో మీ మ్యాపుల విభాగాన్ని ఇంకా సరిగా పలకరించనే లేదు. మంచులో నడిచే బూట్లు ఎక్కడ కొనాలో తెలుసుకునేసరికే పుణ్యకాలం గడిచిపోయింది. క్షమించాలి.

విషయమేమిటంటే, మీ విభాగంలో ఆర్విల్ హాగ్ గారు ఈ శుక్రవారం రిటైరవుతున్నారు. ఆయన బల్ల దక్షిణం కిటికీ పక్కన ఉంది. ఈ భవనం కట్టినవాళ్ళు చమురు ఖర్చు మిగల్చాలని మీ అంతస్తు మొత్తానికి ఆ ఒక్క కిటికీయే పెట్టారు. తెలివైనవాళ్ళు. రూలు ప్రకారం ఆ సీటు కావాలా అని ముందుగా సర్వీసులో పెద్దవారైన మిమ్మల్ని అడగాలట.

మనసులో మాట చెప్పాలంటే, ఇలా అడగడానికే నాకు సిగ్గుగా ఉంది. మా యూమాలో కిటికీ పక్క సీటు ఎవరికిస్తారో తెలుసా? తనంతట తనే ఉద్యోగం మానేసి పోతే బాగుండుననుకునే మనిషికి. ఎండ అలా ఉంటుంది మా దగ్గర. కాబట్టి ఎలాంటి మొహమాటమూ పెట్టుకోకుండా ఉన్న మాట చెప్పేయండి. మీరు ఎలా అంటే అలా.

భవదీయుడు,
డెల్ఫినో ఒచోవా

తా.క. నా గది మటుకు నేలమాళిగలో ఏరికోరి తీసుకున్నాను. ఒక్క కిటికీ కూడా లేదు. ఎవరికీ చెప్పకండి, కుళ్ళుకుంటారు.


మ్యాపుల విభాగం,
నవంబరు 14

ఒచోవా గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. నన్ను గుర్తుపెట్టుకుని అడిగినందుకు సంతోషం.

నాకెందుకండీ కిటికీ? ఎవరైనా కుర్రవాళ్ళకివ్వండి. నేనిప్పుడు కూర్చునే చోటు, అంటే ఫైళ్ళ బీరువాకీ స్తంభానికీ మధ్య, అంత బాధగా ఏమీ లేదు. అలవాటైపోయింది.

ఇట్లు,
ఆర్డిస్ టాలెఫ్సన్

తా.క. రేపూ ఎల్లుండీ నేను సీటులోనే ఉంటాను. ఎవరైనా ఏదైనా మళ్ళీ అడగడానికి వస్తే ఎక్కడున్నానో తెలియాలి కదా అని రాస్తున్నాను.

తా.క. మరొకటి. ఆ కిటికీ గట్టు వెడల్పు తొమ్మిది అంగుళాలు. పూలకుండీ ఒకటి సరిగ్గా పడుతుంది. ఊరికే చెబుతున్నాను.


నేలమాళిగ,
నవంబరు 19

ఆర్డిస్ గారూ,

మీ మేలు మరిచిపోలేను! నేనెంత భయపడ్డానో మీకేం తెలుసు. రూలు రూలేనంటూ మీరు ఒప్పేసుకుని, ఈ వయసులో ఎండలో మాడిపోతుంటే నేను చూస్తూ కూర్చోవాలా? ఒక్క ముక్కలో తేల్చేశారు. మనిషంటే అలా ఉండాలి.

మీ తర్వాత లొరేన్ గారిని అడిగాను. "అబ్బే, నాకెందుకండీ, వేరేవాళ్ళని చూడండి" అన్నారు. వెండెల్ గారిని అడిగాను. ఆయన తన బూట్ల వంక చూసుకుంటూ, "ఇంకెవరికీ అక్కర్లేకపోతే అప్పుడు చూద్దాం లెండి" అన్నారు. అక్కర్లేదనేగా అర్థం! మీ విభాగంలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ కిటికీ వైపు చూడ్డానికి ఇష్టపడలేదు. అందుకని ఎవరికీ బాధ లేకుండా అక్కడ కొత్త కాపీ మెషీను పెట్టించాను. యంత్రానికి ఎండేమిటి, నీడేమిటి.

మీ మేలు కోరే,
డెల్ఫినో

తా.క. గట్టు సంగతి మీరు చెప్పిందే నిజం. సరిగ్గా తొమ్మిది అంగుళాలు. సిరా పొడి డబ్బాలు వరసగా భలే కుదిరాయి.


మ్యాపుల విభాగం,
నవంబరు 27

ఒచోవా గారికి,

ఆర్విల్ స్థానంలో కాపీ మెషీనుని చూశాం. అదొక రకంగా ఉంది. లొరేన్ కూడా వచ్చి చూసి, "ఊఁ" అంది. లొరేన్ అలా "ఊఁ" అనడం ఇంతకు ముందు ఒక్కసారే విన్నాను. తన మొదటి భర్త పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిన రోజున.

ఇంకో చిన్న విషయం. నా నెత్తి మీద గాలిగొట్టం ఉంది. అందులోంచి వచ్చే గాలి తిన్నగా నా మెడ మీదకే దిగుతుంది. కొంచెం చల్లగానే ఉందనుకోండి. అయినా ఇంతకన్నా అన్యాయంగానూ ఉండొచ్చు. వేళ్ళ చివర్లు కత్తిరించిన ఉన్ని తొడుగులు వేసుకుని మ్యాపులు గీస్తున్నాను. గీత కాస్త వణికితే చెరువు గట్టు అలాగే వంకర ఉందిలే అనుకుంటారు. నేను ఫిర్యాదు చేయడం లేదు.

బయట మాత్రం ఈ వారమంతా ఎండ బాగా కాస్తోందట. మా ఆయన మైలో చెబుతున్నాడు.

ఇట్లు,
ఆర్డిస్ టాలెఫ్సన్

తా.క. నా బల్ల మీద ఒక జెరేనియం మొక్క ఉంది. మా అమ్మ పెంచిన మొక్క కొమ్మ తుంచి నాటినది. ఆర్విల్ రిటైరవుతున్నాడని తెలిసి వేసవిలోనే ఇంటినుంచి తెచ్చి పెట్టాను. ట్యూబులైటు కింద ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. పసుపూ మంచి రంగే.


నేలమాళిగ,
డిసెంబరు 5

ఆర్డిస్ గారూ,

మెషీను మీ అందరికీ నచ్చినందుకు నా కడుపు నిండిపోయింది. కొత్త వస్తువు కదా, అదొక రకంగా బాగానే ఉంటుంది.

అన్నిటికన్నా మీ చలి కబురు నన్ను ఒడ్డున పడేసింది. చమురు కరువు కదా, భవనంలో వేడి తగ్గించమని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఏ విభాగంతో మొదలుపెట్టినా తిట్టి పోస్తారే అని తల పట్టుక్కూర్చున్నాను. పన్నుల విభాగంలో ఒకాయన న్యూజెర్సీ నుంచి వచ్చాట్ట, తలుపు తీయగానే మీదకొచ్చాడు. అంతలో మీ ఉత్తరం. కొంచెం చల్లగా ఉంది, ఇంతకన్నా అన్యాయంగానూ ఉండొచ్చు, ఫిర్యాదు లేదు! ఇంకేం, మీ అంతస్తుతోనే మొదలుపెట్టేశాను. ఇవాళ పొద్దుటినుంచి తేడా తెలిసే ఉంటుంది.

ఇక ఒక అనుమానం. మీ అంతస్తులో కాపీ కాగితం నీళ్ళలా ఖర్చవుతోంది. మధ్యాహ్నం పూట ఆ మెషీను ముందు క్యూ ఉంటోంది. నిన్న నేను పైకి వచ్చేసరికి వెండెల్ గారు ఏమీ రాయని తెల్లకాగితాన్ని కాపీ తీస్తున్నారు. "కాపీ బాగా వచ్చిందాండీ?" అని అడిగాను. "బాగానే వచ్చిందండీ" అన్నారు. ఏం జరుగుతోంది? మీరైతే దాచకుండా చెబుతారు.

మీ,
డెల్ఫినో

తా.క. ఆకుల రంగు మారినందుకు అభినందనలు. మా దగ్గర ఏ మొక్కకీ అంత ఓపిక ఉండదు, తిన్నగా గోధుమ రంగులోకి పోతాయి.


మ్యాపుల విభాగం,
డిసెంబరు 13

ఒచోవా గారికి,

తేడా తెలిసింది. లొరేన్ ఇప్పుడు కోటు విప్పకుండానే టైపు చేస్తోంది. నా సిరా బుడ్డిని నేను ఒళ్ళో పెట్టుకుంటున్నాను, గడ్డకట్టకుండా. బాగానే నడుస్తోంది.

కాపీ మెషీను సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ కిటికీలోంచి ఎండ లోపలికి వస్తుంది. తిన్నగా మెషీను ముందు నిలబడ్డవాళ్ళ మొహం మీద పడుతుంది. వెండెల్ అయితే కళ్ళు మూసుకుని నిలబడతాడు. లొరేన్ మొన్న బూట్లు విప్పేసి మేజోళ్ళతో నిలబడింది. క్యూలో వెనకవాళ్ళు "కానివ్వండి, తొందరేం లేదు" అంటారు గానీ వాళ్ళ మొహాలు చూడాలి. కాసేపట్లో ఎండ పక్కకి తిరిగిపోతుంది. ఆ తర్వాత ఎవరికీ కాపీలు అవసరం ఉండవు.

ఇంతకన్నా విడమరిచి చెప్పడం నాకు చేతకాదు. మీకు అర్థమయ్యే ఉంటుందనుకుంటాను.

ఇట్లు,
ఆర్డిస్ టాలెఫ్సన్

తా.క. నేను కూడా ఈ వారం రెండుసార్లు కాపీ తీశాను. ఏం కాపీ తీశానో అడగకండి.


నేలమాళిగ,
డిసెంబరు 20

ఆర్డిస్ గారూ,

మీ ఉత్తరం చదివి నాకు కన్నీళ్ళాగలేదు. అన్నెం పున్నెం ఎరగని మనుషులు, కాపీ తీసుకోవడానికొచ్చి, మొహం మీద ఎండ కొడుతుంటే కళ్ళు మూసుకుని భరించారా? కాళ్ళు కాలిపోయి లొరేన్ గారు బూట్లు విప్పేశారా? అయినా ఒక్కరు నోరెత్తలేదు! మీ ఊరివాళ్ళ ఓర్పుకి చేతులెత్తి మొక్కాలి.

తప్పు నాదే. వెంటనే దిద్దుకున్నాను. మీరంతా క్రిస్మస్ విందులో ఉండగా నేనూ కాపలా మనిషీ కలిసి కిటికీ అద్దం నిండా అల్యూమినియం రేకు అంటించాం. రెండు పొరలు. మా అమ్మ వంటింట్లో అలాగే అంటించేది. దాని మీద చెక్క పలక కూడా బిగించాం. ఇప్పుడు సూది మొనంత వెలుతురు కూడా రాదు. ఇది నా తరఫున మీ విభాగానికి క్రిస్మస్ కానుక.

పండగ శుభాకాంక్షలతో,
డెల్ఫినో

తా.క. పని ముగించుకుని నేనూ విందుకొచ్చాను. ఆ జారుడు చేప, అదే, క్షారంలో నానబెట్టి వండుతారట, అది వడ్డించబోతే వద్దన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడక్కుండానే ప్లేటులో వేసేశారు! మీ వాళ్ళకి చెవుడా?

తా.క. మరొకటి. ఆ చేప తిన్నదగ్గర్నుంచో, అంతకు ముందునుంచో, నా ఒంట్లో బాగుండటం లేదు. పొద్దున లేవబుద్ధి కాదు. రోజంతా బ్రెడ్డు తింటున్నాను. నిన్న రేడియోలో టైర్ల ప్రకటన వస్తే ఏడుపొచ్చింది. మంచి టైర్లేనట.


మ్యాపుల విభాగం,
డిసెంబరు 28

డెల్ఫినో ఒచోవా గారికి,

కానుక చూశాం. లొరేన్ ఈసారి "ఊఁ" కూడా అనలేదు. వెండెల్ చెక్క పలక ముందు టోపీ తీసి నిలబడ్డాడు, ఎవరో పోయినట్టు.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. మొదటిది మర్యాదగా వచ్చింది కాబట్టి చింపేశాను. రెండోదీ అంతే. ఇది చింపను.

అయ్యా, మా వాళ్ళకి చెవుడా అని అడిగారు. మాకు కాదు, మీకు! మా ఊళ్ళో ఎవరైనా ఏదైనా ఇవ్వజూపితే మొదటిసారి వద్దంటాం. అది మర్యాద. రెండోసారి అడిగితే "అయ్యో, మీకెందుకు శ్రమ" అంటాం. మూడోసారి అడిగితే "సరే, కొంచెం" అని తీసుకుంటాం. పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు ఇది. ఆ చేపని మీరు రెండుసార్లు వద్దన్నారు. అంటే మీకు ప్రాణమని అనుకున్నారు పాపం వాళ్ళు. మీ ప్లేటులో వేసింది పెద్ద ముక్క. కిటికీని మీరు మా అందరి దగ్గరికీ ఒక్కొక్కసారి తెచ్చి, ఒక్కొక్కసారి తీసుకుపోయారు. నవంబరు పద్నాలుగు నుంచీ నేను ఆ రెండోసారి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. కాఫీకి కూడా లేవలేదు.

"అదొక రకంగా ఉంది" అంటే ఘోరంగా ఉందని. "కొంచెం చల్లగా ఉంది" అంటే చచ్చిపోతున్నామని. "ఇంతకన్నా అన్యాయంగానూ ఉండొచ్చు" అంటే ఉండటానికి వీల్లేదని!

పాత కోర్టు భవనంలో గదికి ఆరేసి కిటికీలుండేవి. వాటిలోంచి చలి కూడా వచ్చేది, తిట్టుకునేవాళ్ళం. ఈ భవనానికొచ్చాక ఇది నాకు ఐదో చలికాలం. చీకట్లో ఇంటినుంచి బయల్దేరతాను. చీకట్లో ఇల్లు చేరతాను. మధ్యలో పగలనేది ఒకటి ఆ గోడ అవతల జరిగిపోతూ ఉంటుంది. ఈ కౌంటీలో ఉన్న ప్రతి చెరువునీ చేత్తో గీసిన మనిషిని నేను, నా కుర్చీలోంచి ఒక్క చెరువు కనబడదు. జూన్‌లో రిటైరవుతున్నాను. అంటే ఇదే ఆఖరి చలికాలం. ఆర్విల్ వెళ్తే ఆ కిటికీ నాకొస్తుందని ఈ ఐదు చలికాలాలుగా మొక్కకి కూడా చెబుతూ వచ్చాను.

మా ఆయన మైలోతో కూడా నేనెప్పుడూ ఇలా మాట్లాడలేదు. కాగితం మీద కాబట్టి రాయగలుగుతున్నాను. ఒచోవా గారూ, నాకు ఆ కిటికీ కావాలి. కావాలి. కావాలి. చూశారా, మూడుసార్లు నేనే అన్నాను.

ఇట్లు,
ఆర్డిస్ టాలెఫ్సన్

తా.క. గట్టిగా మాట్లాడినందుకు క్షమించండి. ఈ ఉత్తరంతోపాటు డబ్బాలో బాదం బిస్కెట్లు పెట్టాను.

తా.క. మరొకటి. మీ రోగం చేప వల్ల కాదు. మీరు నేలమాళిగలో ఉన్నారు. ఇక్కడ చలికాలంలో బంగాళాదుంపలని పెట్టేది అక్కడ.


నేలమాళిగ,
జనవరి 3, 1980

ఆర్డిస్ గారూ,

ఇంత ఘోరం చేశానని తెలిసి రాత్రంతా నిద్ర పట్టలేదు. అంటే మామూలుగా పట్టేదానికన్నా తక్కువ పట్టింది.

రేకు పీకేశాం, పలక తీసేశాం. గాలిగొట్టం దిక్కు మార్చాం, ఇక మీ మెడ జోలికి రాదు. వేడి మళ్ళీ పెంచాను. పైనుంచి ఎవరైనా అడిగితే వేడి తగ్గించే మీట పెట్టె తాళంచెవి పోయిందంటాను. కాపీ మెషీనుని నా గదిలోకి తెచ్చుకున్నాను. కిటికీ మీది. తీసుకోండి. అయ్యో అలా అనకండి, తీసుకోండి. మూడోసారి చెబుతున్నాను, తీసుకుని తీరాలి. మీరు కాదనకముందే మూడూ రాసేశాను.

మీ పద్ధతి నేనూ సాధన చేస్తున్నాను. నిన్న కాఫీ వేళ లొరేన్ గారు తీపి గారె ఇవ్వబోతే వద్దన్నాను. రెండోసారీ వద్దన్నాను. ప్లేటు వంకే చూస్తూ నిలబడ్డాను. మూడోసారి ఇచ్చారు! నా జీవితంలో అంత రుచైన గారె తినలేదు.

పశ్చాత్తాపంతో,
డెల్ఫినో

తా.క. డాక్టరు దగ్గరికెళ్ళాను. "ఎండలో కూర్చో" అన్నాడు. యూమాలో పుట్టినవాడికి ఆ మందు రాశాడంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.


దక్షిణం కిటికీ,
జనవరి 9

డెల్ఫినో గారికి,

చిరునామా చూశారుగా.

మొదటిరోజు మధ్యాహ్నం ఎండ నా చేతి మీదకి వచ్చింది. గీస్తున్న గీత మధ్యలో ఆపేసి చెయ్యి అలాగే ఉంచాను. వెండెల్ ఏదో అడగబోయి, చూసి, వెళ్ళిపోయాడు. ఏడుపొచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఉంది, కానీ చెబుతున్నాను.

ఇక్కణ్ణుంచి చెరువు కనబడుతుంది. గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టే గుడిసెలూ కనబడతాయి. రోజంతా మంచులో కన్నం ముందు కూర్చుని కష్టపడుతున్నానని చెప్పే మా ఆయన, పదకొండింటికే పక్క గుడిసెలో దూరి సాయంత్రం దాకా బయటికి రాడు. అక్కడ పేకాట. ఈ కిటికీ వల్ల ఇన్ని లాభాలుంటాయని నాకు తెలియదు.

నిన్న మెట్ల దగ్గర మిమ్మల్ని చూశాను. ఉడికించిన దుంపలా ఉన్నారు. కిటికీ దగ్గర ఇంకో బల్లకి చోటుంది. మీ బల్ల తెచ్చి ఇక్కడ వేసుకోకూడదూ?

ఇట్లు,
ఆర్డిస్

తా.క. జెరేనియం కొత్త ఆకు వేసింది. పచ్చగా.


నేలమాళిగ,
జనవరి 11

ఆర్డిస్ గారూ,

నన్ను గుర్తుపెట్టుకుని అడిగినందుకు సంతోషం. నాకెందుకండీ కిటికీ? ఎవరైనా కుర్రవాళ్ళకివ్వండి. నా గది అంత బాధగా ఏమీ లేదు.

మీ,
డెల్ఫినో

తా.క. రేపూ ఎల్లుండీ నేను గదిలోనే ఉంటాను.

తా.క. మరొకటి. నా బల్ల చాలా చిన్నది. ఊరికే చెబుతున్నాను.


దక్షిణం కిటికీ,
జనవరి 14

డెల్ఫినో గారికి,

మీ జవాబు అందింది. వద్దన్నారు. మంచిది. ఒక్క ముక్కలో తేల్చేశారు. మనిషంటే అలా ఉండాలి.

ఇట్లు,
ఆర్డిస్


నేలమాళిగ,
జనవరి 18

ఆర్డిస్ గారూ,

ఏమండీ, ఇదేం అన్యాయం? మీరు రెండోసారి అడగలేదు!

శనివారం పొద్దున గదిలోనే కూర్చున్నాను, సెలవు అయినా. మెట్ల మీద చప్పుడైతే మీరేననుకుని జుట్టు దువ్వుకున్నాను. కాపలా మనిషి. సోమవారం మీ ఉత్తరం వచ్చింది. విప్పి చూస్తే "మంచిది"! మూడుసార్లని మీరే చెప్పారు. పాలు తాగే పిల్లలకి కూడా తెలుసన్నారు. ఆ పద్ధతి మీరే పుట్టించి, నేను నేర్చుకునేసరికి మీరు మానేస్తారా? నేను కాపీ మెషీనుతో కలిసి బతుకుతున్నాను. మధ్యాహ్నం దాని మూత ఎత్తి, మీట నొక్కి, ఆ పచ్చ వెలుతురులో మొహం పెడుతున్నాను. అంతకన్నా ఏం చెప్పమంటారు?

ఫిర్యాదు చేయడం లేదు.

మీ,
డెల్ఫినో

తా.క. చేస్తున్నాను!


దక్షిణం కిటికీ,
జనవరి 21

ప్రియమైన డెల్ఫినో,

మీ మాట మీద గౌరవంతో, మీరు వద్దన్న ఆ చోటుని లొరేన్‌కి ఇవ్వజూపాను. వద్దంది. వెండెల్‌ని అడిగాను. బూట్ల వంక చూసుకున్నాడు. మిగతావాళ్ళనీ అడిగాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇష్టపడలేదు. ఎవరికీ అక్కర్లేని కిటికీ దగ్గర ఏం పెట్టాలో మీరే నేర్పారు కదా. అందుకని కాపీ మెషీనుని పైకి తెచ్చేయమని చెప్పాను. రేపు పదింటికి వెండెల్ తోపుడు బండి తీసుకుని మీ గదికి వస్తాడు.

వెండెల్ సంగతి మీకు తెలుసుగా. అమాయకుడు. మెషీనుకి బదులు పక్కనున్న చిన్న బల్లని ఎక్కించేస్తాడేమోనని నా అనుమానం. అలాగే చెయ్యమని నేను చెప్పాను కూడా. లొరేన్ అప్పుడే ఇక్కడ మీకోసం నేల తుడిచింది. వెండెల్‌తో "వద్దు, వద్దు" అని మొదలుపెట్టకండి. అతను మీ మాట నమ్మే మనిషి, ఖాళీ బండితో తిరిగొచ్చేస్తాడు. ఈసారి మిమ్మల్ని నేను మూడుసార్లు అడగడం లేదు. ఒక్కసారి కూడా అడగలేదు, గమనించారా?

ఎండ వైపు మీరు కూర్చోండి. నేను మా ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి, నాకు చెరువు వైపు చాలు.

ఇట్లు,
మీ పక్క బల్ల ఆర్డిస్

తా.క. మొదట్లో ఎండ ఎక్కువనిపిస్తే మీ టోపీకి కాస్త రేకు అంటించుకోండి. మీ దగ్గర మిగిలే ఉంటుంది.

తా.క. మరొకటి. జూన్‌లో నేను రిటైరయ్యాక నా బల్ల ఎవరికివ్వాలో రూలు ప్రకారం మీరే అడగాలి. లొరేన్ మొదటిసారి వద్దంటుంది. రెండోసారీ వద్దంటుంది. దయచేసి అక్కడే ఆగిపోకండి. తను నిన్ననే కుండీ కొనుక్కొచ్చి బల్ల కింద దాచుకుంది.